మూత ఉన్న పగడం: కాల్సియోలాను గుర్తుపట్టడానికి దాదాపు వందేళ్లు ఎందుకు పట్టింది

కాల్సియోలా శాండలీనా శిలాజాన్ని చేతిలో పెట్టి ఇదేమిటని అడిగితే పగడమని చెప్పేవాళ్లు దాదాపు ఉండరు. చూడ్డానికి మూడు నాలుగు సెంటీమీటర్ల రాతి ముక్క. ఒక వైపు బల్లపరుపు, రెండో వైపు ఉబ్బు. ఒక కొస మొనదేలి ఉంటుంది, రెండో కొస వెడల్పుగా తెరుచుకుని ఉంటుంది. మొత్తం మీద ముందు భాగం మూసి ఉన్న చెప్పులా కనిపిస్తుంది, పేరు కూడా అక్కడి నుంచే వచ్చింది. ఆ తెరుచుకున్న నోటికి సరిగ్గా సరిపోయే అర్ధచంద్రాకారపు మూత ఒకటి విడిగానో, అతుక్కునే ఉండో దొరుకుతుంది. రెండు ముక్కలు, రెండూ ఒక తిన్నని అంచు దగ్గర కలుస్తాయి, తెరుచుకుని మూసుకునే ఏర్పాటు ఉంది. ఇది చూసి ఏదో ఆల్చిప్ప అనుకోవడంలో వింతేమీ లేదు. 18వ శతాబ్దపు పండితులూ అలాగే అనుకున్నారు.

స్వీడన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ లిన్నేయస్ 1771లో దీనికి పేరు పెడుతూ అనోమియా అనే చిప్పల ప్రజాతిలో చేర్చాడు. 1799లో ఫ్రెంచ్ శాస్త్రజ్ఞుడు లామార్క్ దాన్ని అక్కడి నుంచి విడదీసి కాల్సియోలా అనే కొత్త ప్రజాతి ఏర్పాటు చేశాడు. విడదీశాడు గానీ చిప్పల లెక్కలోంచి మాత్రం తీయలేదు. రూడిస్టులనే విచిత్రమైన ఆల్చిప్పల పక్కన కూర్చోబెట్టాడు. ఆ తర్వాతి తరం దాన్ని బ్రాకియోపాడ్‌ల వైపు జరిపింది. ఇవీ రెండు చిప్పల సముద్ర జీవులే, కానీ ఆల్చిప్పలతో దగ్గరి చుట్టరికం లేనివి. ఇది పగడమేనని గట్టి రుజువు రావడానికి 1860ల మధ్య దాకా ఆగాల్సి వచ్చింది.

ఇంతమంది ఉద్దండులు పొరబడ్డారంటే వాళ్ల చూపు మందగించి కాదు. పైనుంచి కనిపించే ఆధారాలన్నీ చిప్ప వైపే చూపిస్తాయి. పగడమని చెప్పే ఆధారాలు లోపల ఉన్నాయి, అవీ ఈ శిలాజంలో బాగా మరుగున పడిపోయి ఉన్నాయి. కాబట్టి ముందు మామూలు ఒంటరి పగడం లోపల ఏముంటుందో చూసి, ఆ తర్వాత కాల్సియోలా దగ్గరికి రావడమే మేలు.

ఒంటరి పగడం నిర్మాణం

పగడం అనగానే గుర్తొచ్చేవి వేలాది జీవులు కలిసి కట్టే దిబ్బలు. కానీ ఒక్క జీవి ఒక్క అస్థిపంజరం కట్టుకుని బతికే పగడాలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. జీవి మెత్తని సంచి లాంటిది, దాన్ని పాలిప్ అంటారు. పైన నోరు, నోటి చుట్టూ స్పర్శకాలు. అది తన కింది చర్మం నుంచి సున్నపు పదార్థాన్ని స్రవించి, తన కిందా పక్కలా గట్టి గిన్నె కడుతుంది. ఆ గిన్నెకు కాలిక్స్ అని పేరు. పాలిప్ పెరిగే కొద్దీ గిన్నె అంచు పైకి లేస్తుంది, జీవి కూడా పైకి జరుగుతుంది. అందువల్ల ఒంటరి పగడపు శిలాజం సాధారణంగా కొమ్ము ఆకారంలో ఉంటుంది. మొన అంటే బాల్యం, వెడల్పాటి అంచు అంటే చివరి రోజులు. ఒక్క శిలాజంలో జీవి బతుకంతా వరసగా నమోదై ఉంటుంది. శిలాజాలపై పనిచేసేవాళ్లకు ఇంతటి సౌకర్యం చాలా తక్కువ జీవుల్లో దొరుకుతుంది.

ఆ కొమ్మును అడ్డంగా కోస్తే గోడ నుంచి మధ్యకు వెళ్లే నిలువు పలకలు కనిపిస్తాయి. వీటిని సెప్టా అంటారు. నిలువుగా కోస్తే రెండు రకాల అడ్డు నిర్మాణాలు బయటపడతాయి. మధ్య భాగంలో జీవి పైకి జరిగినప్పుడల్లా తన కింద వేసుకున్న అడ్డు పలకలు ఉంటాయి, అవి టాబ్యులాలు. గోడ దగ్గర బుడగలు పేర్చినట్టు వంపు తిరిగిన చిన్న రేకులు ఉంటాయి, అవి డిసెపిమెంట్లు. ఏ పగడంలో ఏవి ఉన్నాయి, ఏవి లేవు, ఎంత దట్టంగా ఉన్నాయి అన్నదాని మీదే వర్గీకరణలో సగం వాదన నడుస్తుంది. బయటి ఆకారాన్ని నమ్ముకుంటే లాభం లేదు, ఎందుకంటే కొమ్ము ఆకారం ఒకదానితో ఒకటి సంబంధం లేని ఎన్నో గుంపుల్లో మళ్లీ మళ్లీ వచ్చింది. 19వ శతాబ్దంలో జాఫ్రెంటిస్ అనే ఒక్క ప్రజాతిలో పడేసిన కొమ్ము పగడాలను, లోపలి కోతలు చూశాక, ఎన్నో వేరు వేరు ప్రజాతుల్లోకి పంచాల్సి వచ్చింది.

ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న గుంపు రుగోసా. మిల్న్-ఎడ్వర్డ్స్, ఝూల్ ఎమ్ అనే ఇద్దరు ఫ్రెంచ్ శాస్త్రజ్ఞులు 1850లో ఈ పేరు పెట్టారు. గోడ మీద ముడతలు ఉండటం వల్ల ఆ పేరు. ఇవి ఆర్డోవిషియన్ కాలంలో మొదలై, పెర్మియన్ చివర్లో, అంటే దాదాపు 25 కోట్ల 20 లక్షల ఏళ్ల కిందట, ఒక్కటి కూడా మిగలకుండా అంతరించాయి. ఈనాటి గట్టి పగడాలు స్క్లెరాక్టీనియా అనే మరో గుంపు, అవి పెర్మియన్ తర్వాత వచ్చిన ట్రయాసిక్ కాలంలో కనిపించడం మొదలుపెట్టాయి. రెండింటికీ కనీసం రెండు పెద్ద తేడాలున్నాయి. మొదటిది ఖనిజం: రుగోసా అస్థిపంజరం కాల్సైట్, నేటి పగడాలది ఆరగొనైట్, రెండూ సున్నపు ఖనిజాలే. కాల్సైట్ రాళ్లలో ఎక్కువ కాలం రూపం చెడకుండా నిలుస్తుంది కాబట్టి రుగోసా శిలాజాల్లో సన్నని గీతలు కూడా చాలాసార్లు చెక్కుచెదరకుండా ఉంటాయి.

రెండో తేడా సెప్టా పుట్టే పద్ధతి. ఇది కాస్త ఓపికగా అర్థం చేసుకోవాల్సిన సంగతి, కానీ అసలు కీలకం ఇక్కడే ఉంది. రుగోసాలో మొదట ఆరు సెప్టా ఏర్పడతాయి. ఒకదానికొకటి ఎదురుగా ఉండే రెండింటికి కార్డినల్ సెప్టమ్, కౌంటర్ సెప్టమ్ అని పేర్లు. మిగిలిన నాలుగూ ఈ గీతకు రెండు పక్కలా జతలుగా వస్తాయి: రెండు ఆలార్, రెండు కౌంటర్-లాటరల్. ఆ తర్వాత పుట్టే కొత్త సెప్టా ఎక్కడ పడితే అక్కడ రావు. కార్డినల్ సెప్టమ్‌కు రెండు పక్కలా, ఆలార్ సెప్టాకు కౌంటర్ వైపున, మొత్తం నాలుగు చోట్ల మాత్రమే వస్తాయి. నేటి పగడాల్లో ఆరు భాగాల్లోనూ వస్తాయి. జర్మన్ శాస్త్రజ్ఞుడు కున్త్ 1860ల చివర్లో ఈ నియమాన్ని వివరించాడు. ఇప్పటికీ దాన్ని కున్త్ నియమం అనే పిలుస్తారు.

దీన్ని చూడటానికి మైక్రోస్కోప్ కూడా అక్కర్లేదు. పైపొర అరిగిపోయిన కొమ్ము పగడం ఒకటి దొరికితే, గోడ మీద సన్నని నిలువు గాళ్లు కనిపిస్తాయి. ఒక్కో గాడి లోపలున్న ఒక్కో సెప్టమ్‌కు గుర్తు. శిలాజాన్ని మెల్లగా తిప్పుతూ పోతే ఎక్కువ చోట్ల గాళ్లు ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా సాగుతాయి. కొన్ని చోట్ల మాత్రం ఒక నిలువు గీత దగ్గరికి పక్క గాళ్లు ఏటవాలుగా వచ్చి చేరతాయి. కొత్త సెప్టా పుట్టింది అక్కడే. ఇలాంటి గీతలను పట్టుకుంటే కార్డినల్ ఎటువైపో, ఆలార్ ఎటువైపో రాయిని కోయకుండానే చెప్పొచ్చు.

ఈ నాలుగు చోట్ల పద్ధతి వల్ల వచ్చిన ఫలితం ఒకటుంది. రుగోసా పగడం పైనుంచి గుండ్రంగా కనిపించినా, దాని శరీరానికి కుడి, ఎడమ అనే రెండు సగాలున్నాయి. కార్డినల్ నుంచి కౌంటర్ వరకు గీత గీస్తే రెండు పక్కలూ ఒకదానికొకటి ప్రతిబింబాలు. పగడమంటే చక్రంలా అన్ని వైపులా ఒకేలా ఉండాలి అనుకునేవాళ్లకు ఇది ఇబ్బంది. కాల్సియోలా విషయంలో ఇబ్బంది పడింది సరిగ్గా ఇలా అనుకున్నవాళ్లే.

ఇంకో మాట, కాస్త పక్కదారే అయినా వదలలేను. పగడం గోడ మీద పెద్ద ముడతల మధ్య మరీ సన్నని గీతలు కూడా ఉంటాయి. 1963లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు జాన్ వెల్స్ ఒక్కో సన్న గీత ఒక్కో రోజు పెరుగుదల అయి ఉంటుందన్న ఆలోచనతో, మధ్య డెవోనియన్ కాలపు, అంటే దాదాపు 39 కోట్ల ఏళ్ల కిందటి పగడాల మీద ఒక ఏడాది పెరుగుదలలో ఎన్ని గీతలున్నాయో లెక్కపెట్టాడు. సుమారు 400 వచ్చాయి. అంటే అప్పట్లో ఏడాదికి 400 రోజులు, రోజుకు 22 గంటలు. చంద్రుడి ఆకర్షణ వల్ల లేచే ఆటుపోట్లు భూమి తిరుగుడును మెల్లగా తగ్గిస్తున్నాయని ఖగోళ శాస్త్రం చెప్పే లెక్కతో ఇది బాగా కలిసింది. మరుసటి ఏడాది కోలిన్ స్క్రటన్ అవే కాలపు పగడాల్లో గీతలు సుమారు 30 చొప్పున గుంపులుగా ఉన్నాయని చూపించి, ఆ గుంపులను చాంద్రమాసాలుగా చదివాడు. ఆ లెక్కన ఏడాదికి 13 నెలలు. కాల్సియోలా బతికింది ఆ 400 రోజుల ఏడాదుల్లోనే.

చెప్పు లోపల

ఇక మన శిలాజం. డెవోనియన్ కాలం, అంటే సుమారు 41 కోట్ల 90 లక్షల నుంచి 35 కోట్ల 90 లక్షల ఏళ్ల కిందటి దాకా. అందులోనూ కాల్సియోలా శాండలీనా బాగా విస్తరించింది మధ్య డెవోనియన్‌లో. జర్మనీలోని ఐఫెల్ ప్రాంతం దీనికి పేరుపడ్డ చోటు. బెల్జియం, ఇంగ్లండ్‌లోని డెవన్ దగ్గర నుంచి ఉత్తర ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియా దాకా ఈ ప్రజాతి దొరికింది. ఎంత ఎక్కువగా దొరికేదంటే, పాతతరం భూగర్భ శాస్త్రజ్ఞులు జర్మనీలో, బెల్జియంలో ఆ రాతి పొరలనే కాల్సియోలా పలకరాళ్లని పిలిచేవాళ్లు. పొర వయసు చెప్పడానికి ఈ చెప్పు ముక్క చాలు అన్నంత నమ్మకం. ఇప్పుడు ఆ పని కోనోడాంట్లనే సూక్ష్మ శిలాజాలు చేస్తున్నాయి. దిగువ, మధ్య డెవోనియన్‌ల మధ్య అంతర్జాతీయ సరిహద్దును ఐఫెల్‌లోనే, వెట్టెల్‌డోర్ఫ్ దగ్గరి రాతి పొరల్లో, కోనోడాంట్ల ఆధారంగానే నిర్ణయించారు.

శిలాజాన్ని బల్లపరుపు వైపు కిందకి ఉండేలా పెట్టి, నోటి లోపలికి చూద్దాం. గిన్నె చాలా లోతుగా ఉంటుంది, మొన దిక్కుగా బాగా కిందిదాకా పోతుంది. గోడలు విపరీతమైన మందం. అంత చిన్న జీవికి ఇంత సున్నం ఎందుకా అనిపిస్తుంది. లోపలి గోడంతా సన్నని నిలువు గీతలు, వేలితో తడిమితే గరుకుగా తగిలేంత ఎత్తు మాత్రమే. అవే సెప్టా. మామూలు కొమ్ము పగడంలో మధ్య దాకా పలకల్లా చొచ్చుకొచ్చే సెప్టా ఇక్కడ గోడలో కలిసిపోయి, మందపాటి కాల్సైట్ కింద పూడిపోయి, గీతలుగా మిగిలాయి. టాబ్యులాలు, డిసెపిమెంట్లు వెతికితే పెద్దగా ఏమీ దొరకవు. మొన భాగం గట్టి కాల్సైట్‌తో నిండిపోయి ఉంటుంది. అంటే పగడాన్ని గుర్తుపట్టడానికి మనం నమ్ముకునే మూడు ఆనవాళ్లలో రెండు లేవు, మూడోది అణగారిపోయింది.

బల్లపరుపు గోడ, ఉబ్బు గోడ కలిసే చోట రెండు పక్కలా అంచు పదునుగా ఉంటుంది. బల్లపరుపు వైపున నోటి అంచు తిన్నగా ఉంటుంది, మూత తిన్నని అంచు వచ్చి ఆనేది ఇక్కడే. ఆ అంచు నడిమధ్యలో మిగిలిన వాటికంటే బాగా పైకి పొడుచుకొచ్చిన ఒక సెప్టమ్ ఉంటుంది. దానికి రెండు పక్కలా చిన్న చిన్న గట్లు.

మూతను తిరగేస్తే లోపలి వైపునా అదే తంతు. మధ్యలో ఒక బలమైన గట్టు, దానికి అటూ ఇటూ సన్నని గట్లు. మూత పైవైపు మాత్రం పెరుగుదల గీతలు అర్ధవృత్తాలుగా ఉంటాయి. అవి తిన్నని అంచు మధ్యభాగం దగ్గర చాలా చిన్నగా మొదలై, ఒకదాని వెలుపల ఒకటిగా బయటి అంచు దాకా విస్తరిస్తాయి. దీన్నిబట్టి జీవి పాత మూతను పారేసి కొత్తది చేసుకోలేదని తెలుస్తుంది. పిల్లదశలో మొదలైన మూతే గిన్నె నోటితో పాటు పెరుగుతూ వచ్చింది. నోరు ఎంత వెడల్పయితే మూత అంత వెడల్పు.

బ్రాకియోపాడ్ అని ఎందుకనుకున్నారు

బ్రాకియోపాడ్‌కు రెండు చిప్పలుంటాయి, రెండూ ఒకే పరిమాణంలో ఉండవు. చాలా జాతుల్లో ఒకటి లోతుగా, రెండోది బల్లపరుపుగా ఉంటుంది. తిన్నని కీలు అంచు ఉంటుంది. కీలు మధ్యలోంచి గీత గీస్తే ఒక్కో చిప్ప రెండు సమభాగాలవుతుంది. కాల్సియోలాలో ఇవన్నీ ఉన్నాయి. చివరికి ఖనిజం కూడా కలిసింది, చాలా బ్రాకియోపాడ్‌ల చిప్పలు కూడా కాల్సైటే. డెవోనియన్ సముద్రాల్లో బ్రాకియోపాడ్‌లు కుప్పలు తెప్పలుగా ఉండేవి. అదే పొరల్లో, వాటి పక్కనే ఇదీ దొరికింది. ఇన్ని కలిసొచ్చాక వేరే ఊహ రావడమే కష్టం.

కలవనివి కూడా ఉన్నాయి. బ్రాకియోపాడ్ చిప్ప లోపల కండరాలు అతుక్కున్న గుర్తులుంటాయి, కాల్సియోలాలో లేవు. చాలా బ్రాకియోపాడ్‌లకు నేలను పట్టుకునే కాడ బయటికి రావడానికి కీలు దగ్గర రంధ్రం ఉంటుంది, ఇక్కడ అలాంటి రంధ్రం ఊసే లేదు. బ్రాకియోపాడ్ చిప్పకు పొరలు పొరలుగా అల్లుకున్న తనదైన సూక్ష్మ నిర్మాణం ఉంటుంది, ఇక్కడ అదీ లేదు. అయినా లేనివాటిని చూపించి ఒక వర్గీకరణను పడగొట్టడం కష్టం. ‘ఇదో విచిత్రమైన బ్రాకియోపాడ్’ అనేస్తే సరిపోతుంది. పడగొట్టాలంటే మరో ఇల్లు చూపించాలి.

గోట్లాండ్ నుంచి వచ్చిన జవాబు

ఆ ఇల్లు చూపించింది గుస్తాఫ్ లిండ్‌స్ట్రోమ్. బాల్టిక్ సముద్రంలోని గోట్లాండ్ ద్వీపంలో, విస్బీ పట్టణంలో పుట్టి, అక్కడే బడిపంతులుగా పనిచేసేవాడు. ఆ ద్వీపమంతా సైలూరియన్ కాలపు సున్నపురాయి, అంటే కాల్సియోలా కంటే పాతది. పగడాలకు కొదవ లేదు. తర్వాతి రోజుల్లో స్టాక్‌హోమ్‌లోని జాతీయ ప్రకృతి మ్యూజియంలో ప్రొఫెసర్ అయ్యాడు గానీ, ఈ పని మాత్రం విస్బీలో ఉండగానే చేశాడు. 1866లో అతని వ్యాసానికి ఇంగ్లిష్ అనువాదం రావడంతో మిగతా యూరప్ దృష్టి దీని మీద పడింది.

అతని వాదన రెండు గోట్లాండ్ శిలాజాల మీద నిలబడింది. మొదటిది గోనియోఫిల్లమ్ పిరమిడేల్. తలకిందులు చేసిన నాలుగు పలకల పిరమిడ్ ఆకారం. లోపల సెప్టా, బుడగల నిర్మాణం స్పష్టంగా ఉన్నాయి, కాబట్టి అది పగడమేనన్న విషయంలో గొడవ లేదు. లిండ్‌స్ట్రోమ్ చూపించిందేమిటంటే, దాని చదరపు నోటిని నాలుగు సున్నపు మూతలు మూసేవి. నాలుగు అంచుల నుంచి నాలుగు మూతలు వచ్చి మధ్యలో కలిసేవి. పగడానికి మూత ఉండొచ్చన్నది దీంతో రుజువైంది. అంతవరకూ కాల్సియోలా పగడం కాదనడానికి పెద్ద కారణం మూతే. ఆ కారణం ఒక్క దెబ్బతో పోయింది.

రెండోది రైజోఫిల్లమ్. నా మటుకు నాకు ఈ కథలో అసలు సాక్షి ఇదే. బయటి నుంచి చూస్తే కాల్సియోలాకు తోబుట్టువు: ఒక వైపు బల్లపరుపు, ఒక వైపు ఉబ్బు, అర్ధవృత్తాకారపు ఒకే మూత. అంతకుముందు దీన్ని కాల్సియోలా గోట్లాండికా పేరుతోనే వర్ణించారు. బల్లపరుపు వైపు నుంచి వేళ్ల లాంటి బోలు గొట్టాలు పొడుచుకొచ్చి జీవిని కిందనున్న వాటికి పట్టి ఉంచేవి. అయితే దీన్ని కోసి చూస్తే లోపలంతా బుడగల్లాంటి రేకులే, ఏ బ్రాకియోపాడ్‌లోనూ ఉండని, పగడాల్లో మాత్రమే ఉండే నిర్మాణం. గోనియోఫిల్లమ్‌తో పగడాలకు మూతలుంటాయని తేలింది. రైజోఫిల్లమ్‌తో కాల్సియోలా ఆకారం, ఒంటి మూత, పగడపు లోపలి నిర్మాణం మూడూ ఒకే జీవిలో దొరికాయి. ఇక కాల్సియోలా లోపలి గోడ మీది సన్న గీతలను సెప్టా అని చదవడానికి అడ్డేమీ మిగల్లేదు. కుడి ఎడమల సమానత్వం సంగతి అంటారా, రుగోసా పగడాలకు అది పుట్టుకతో వచ్చిందే.

లిండ్‌స్ట్రోమ్ ఈ విషయాన్ని అక్కడితో వదలలేదు. 1880ల్లో మూతలున్న పగడాలన్నిటి మీదా విడిగా ఒక గ్రంథమే రాశాడు.

మూత ఎలా కట్టింది, ఎలా తెరిచింది

వర్గీకరణ తేలింది గానీ, శరీర నిర్మాణం చిక్కు అక్కడితో తీరలేదు. పైన చెప్పుకున్నట్టు పగడం తన కింది చర్మంతో, తన కిందే సున్నం పోస్తుంది. మూత ఉన్నదేమో జీవి మీద. తల మీద సున్నం ఎలా పోసింది?

మూత లోపలి వైపున గట్లు, ఆ గట్ల మీద మందంగా పేరుకున్న కాల్సైట్ చూస్తే, జీవి బతికున్నప్పుడు ఆ వైపంతా సజీవమైన చర్మంతో కప్పి ఉండి ఉండాలి. అంటే పాలిప్ చర్మం తిన్నని అంచు దాటి బయటికి ఒక మడతలా సాగి, ఆ మడత అవతలి వైపు మూతను కట్టుకుంటూ వచ్చిందనుకోవాలి. అలా చూస్తే మూత అనేది వేరే అవయవమేమీ కాదు. గిన్నె గోడ కట్టే చర్మమే కీలు అవతల కూడా అదే పని చేసింది. గిన్నెలోని గట్లకూ మూతలోని గట్లకూ ఉన్న పోలిక దీనికి బలమిస్తుంది.

మూసి తెరవడానికి ఆల్చిప్పకు ఉన్నట్టు లావాటి కండరం ఉన్న గుర్తులేమీ లేవు. పాలిప్‌లన్నీ ఒంట్లోకి నీళ్లు తీసుకుని ఉబ్బుతాయి, వదిలి ముడుచుకుంటాయి. ఉబ్బినప్పుడు మూత పైకి లేచి, ముడుచుకున్నప్పుడు దాంతో పాటే వాలి ఉండొచ్చు. ఇది ఊహే అయినా, కొత్త యంత్రాంగమేదీ అవసరం లేని ఊహ.

బతికున్న పగడాల బంధువుల్లో మూతలున్నవి లేకపోలేదు. లోతైన సముద్రాల్లో పెరిగే ప్రిమ్నోయిడే కుటుంబపు మెత్తని పగడాల్లో పాలిప్ ముడుచుకున్నప్పుడు ఎనిమిది త్రికోణపు పొలుసులు నోటి మీదికి వాలి మూసేస్తాయి. అయితే అవి రుగోసాకు చాలా దూరపు చుట్టాలు, ఆ పొలుసులు తయారయ్యే తీరూ వేరు. ఆ మూత నుంచి ఈ మూత వచ్చిందని అర్థం కాదు. పగడపు జాతి జీవికి మూత పెట్టుకోవడం అసాధ్యమేమీ కాదని మాత్రం ఒప్పుకోవాలి.

ఇక ఇది ఎలా పడుకునేది? బొమ్మల్లో సాధారణంగా బల్లపరుపు వైపు సముద్రపు అడుగున ఆనించి చూపిస్తారు. బురద నేల మీద బతికే జీవికి వెడల్పాటి అడుగు ఉంటే కూరుకుపోయే ప్రమాదం తక్కువ, పక్కకు దొర్లదు, మందపాటి గోడల బరువు కదలకుండా పట్టి ఉంచుతుంది. చదువుతుంటే అంతా సబబుగానే ఉంటుంది. కానీ కీలు ఉన్నది బల్లపరుపు వైపునే కదా. అంటే ఈ భంగిమలో కీలు నేలకు ఆనుకుని ఉంటుంది, మూత తెరుచుకుంటే బయటికి, బురద మీదికి వాలుతుంది. ఇది జీవికి లాభమా నష్టమా? మొన భాగం బురదలో దిగబడి, నోరు కాస్త పైకి చూస్తూ ఉండేదనుకుంటే ఇబ్బంది తగ్గుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌కు చెందిన రుడాల్ఫ్ రిక్టర్ 1929లో ఈ మూత పగడాల ఆకారానికీ, అవి చేసిన పనికీ ఉన్న సంబంధం మీదే ప్రత్యేకంగా ఒక పరిశోధన ప్రచురించాడు. ఆ తర్వాత కూడా వాదన ఆగలేదు. చిన్నప్పుడు ఒక భంగిమ, పెద్దయ్యాక మరొకటి అయ్యే వీలు కూడా ఉంది కాబట్టి, ఒక్క బొమ్మతో జీవితమంతా చూపించలేం. శిలాజం మీద వేరే జీవులు ఏ వైపు అతుక్కుని పెరిగాయో చూడటం ఇలాంటి ప్రశ్నలకు పనికొచ్చే పద్ధతుల్లో ఒకటి, ఎందుకంటే బురదలో ఉన్న వైపు అవి పెరగలేవు.

మూత ఎందుకన్నదానికి రెండు జవాబులు వినిపిస్తాయి: శత్రువుల నుంచి రక్షణ, పైన రాలే బురద నుంచి రక్షణ. ఒకటుంటే రెండోది ఉండకూడదన్న నియమమేమీ లేదు. అయినా బురద నేలల మీదే ఎక్కువగా దొరికే జీవికి రెండో జవాబే నాకు ఎక్కువ నప్పినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు ఏ గుంపులో ఉంది

కాల్సియోలా జంతువుల్లో నిడేరియా విభాగం, ఆంథోజోవా తరగతి, రుగోసా. అంతవరకూ పేచీ లేదు. అక్కడి నుంచి కింది మెట్ల దగ్గరే అభిప్రాయాలు మారతాయి. రుగోసాపై 20వ శతాబ్దపు పెద్ద దిక్కు అనదగ్గ ఆస్ట్రేలియా శాస్త్రవేత్త డోరతీ హిల్ 1981 నాటి తన వర్గీకరణలో దీన్ని గోనియోఫిల్లిడే కుటుంబంలో, ఆ కుటుంబాన్ని సిస్టిఫిల్లిడా అనే క్రమంలో ఉంచారు. ఆ క్రమపు పగడాల్లో చాలావాటికి లోపలంతా బుడగల నిర్మాణం ఉంటుంది, సెప్టా గట్టి పలకల్లా కాకుండా ముళ్ల వరసల్లా ఉంటాయి. లోపల బుడగలే పెద్దగా లేని కాల్సియోలాకు అక్కడేం పని అనిపిస్తుంది. దాన్ని అక్కడికి లాక్కెళ్లింది రైజోఫిల్లమ్, గోనియోఫిల్లమ్‌లతో ఉన్న చుట్టరికం. ఆ రెండూ బుడగల పగడాలే. కాల్సియోలా అదే కుటుంబంలో పుట్టి, బుడగలు వదిలేసి, ఆ చోటంతా గట్టి కాల్సైట్‌తో నింపుకుందన్నది ఈ వర్గీకరణ వెనకున్న ఆలోచన.

నాలుగు మూతల సైలూరియన్ గోనియోఫిల్లమ్ ముందు, ఒంటి మూత డెవోనియన్ కాల్సియోలా తర్వాత అని చూసి, నాలుగు మూతలు తగ్గి ఒకటైందని గీత గీసేయాలనిపిస్తుంది. తొందరపడకూడదు. ఒంటి మూత రైజోఫిల్లమ్ కూడా సైలూరియన్‌లోనే, గోనియోఫిల్లమ్ ఉన్న ద్వీపంలోనే దొరికింది. ఏది ముందో, ఏది దేన్నుంచి వచ్చిందో ఆ పొరలు అంత తేలిగ్గా చెప్పవు.

ఈ కథకు అద్దంలో బొమ్మ లాంటి మరో కథ కూడా ఉంది. పెర్మియన్ కాలంలో రిక్టోఫేనియా అనే జీవి ఉండేది. పాకిస్తాన్‌లోని సాల్ట్ రేంజ్ కొండల్లో దీని మంచి నమూనాలు దొరికాయి. శంకువు ఆకారం, మందపాటి గోడ, పైన మూత. 19వ శతాబ్దపు పండితులు దాన్ని చూసి ఇది పగడమా అని తలలు పట్టుకున్నారు. తీరా చూస్తే అది నిఖార్సైన బ్రాకియోపాడ్, ఒక చిప్ప శంకువైపోయింది, రెండోది మూతైపోయింది. లామార్క్ కాల్సియోలా పక్కన కూర్చోబెట్టిన రూడిస్టులదీ అదే దారి. అవి అసలైన ఆల్చిప్పల బంధువులు, జురాసిక్ చివర్లో మొదలై, క్రిటేషియస్ ముగిసేసరికి, అంటే 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందటికి, అంతరించాయి. వాటిలో చాలావాటికి ఒక చిప్ప కొమ్ములా పెరిగి రెండోది మూతగా మారింది. సముద్రపు అడుగున కదలకుండా, నోరు పైకి పెట్టుకుని, నీళ్లలో వచ్చింది తిని బతకాలంటే గట్టి శంకువు, దాని మీద మూత అనే ఏర్పాటు మూడు వేరు వేరు వంశాల్లో మూడు వేరు వేరు కాలాల్లో వచ్చింది. మూడింటినీ విడదీయడానికి పనికొచ్చింది మాత్రం కోతల్లో కనిపించే గోడ అల్లిక, కండరాల గుర్తులు, సెప్టా పుట్టే చోట్లు.